రెండు గువ్వలపల్లెలు

కృష్ణమ్మ పాట ఎత్తుకుంటే ఏటి అవతల మేకలు కాసేవాళ్ళు కూడా తలెత్తి వినేవాళ్ళని గువ్వలపల్లెలో చెప్పుకునేవాళ్ళు. సుంకులమ్మ దేవర, అంటే ఊరి అమ్మవారి జాతర, వచ్చిందంటే ఊరేగింపుకు ముందు నడిచేది ఆమే. ఆమె ఒక చరణం పాడితే, పక్కింటి వెంకటరమణమ్మ రెండోది అందుకునేది. వెనకాల ఊరి ఆడవాళ్ళంతా జ్యోతులు నెత్తిన పెట్టుకుని, పిండిదీపాలు ఆరిపోకుండా కొంగు అడ్డం పట్టుకుని వచ్చేవాళ్ళు.

ఆ దేవరకు ఒక పద్ధతి ఉంది. అత్తగారింట్లో ఉన్న ఆడబిడ్డను ఏడాదికొకసారి పుట్టింటికి పంపినట్టు, సుంకులమ్మను కూడా గుడిలోంచి లేపి, ఊరి బయట పొలాల్లో ఉండే పుట్టింటి మిట్టకు మోసుకుపోయేవాళ్ళు. అక్కడ చీర పెట్టి, ఒడి నింపి, కడుపునిండా నైవేద్యం పెట్టి మళ్ళీ గుడికి తెచ్చేవాళ్ళు.

గండికోట జలాశయంలో నీళ్ళు నిలబెట్టినప్పుడు గువ్వలపల్లె మునిగిపోయింది. జనమంతా జమ్మలమడుగు పోయే దావలో కట్టిన కాలనీకి చేరారు. కొందరు బంధువులను వెతుక్కుంటూ మైదుకూరుకూ, వేంపల్లెకూ పోయారు. వెంకటరమణమ్మ కూతురి దగ్గరికి మైదుకూరు వెళ్ళిపోయింది. సుంకులమ్మ విగ్రహాన్ని ట్రాక్టరులో వరిగడ్డి పరిచి, పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చారు. కాలనీ మొగదలలో రేకులతో చిన్న గుడి వేశారు. మిట్టను మాత్రం ఎవరు మోసుకురాగలరు? అది నీళ్ళ అడుగునే ఉండిపోయింది.

దేవర జరిపించే బాధ్యత కృష్ణమ్మ బావగారు ఆదినారాయణది. తాతల నాటి నుంచి ఆ ఇంటిదే. మొదటి ఏడు ఉగాది దాటాక జనం వచ్చి అడిగితే ఆయన తల అడ్డంగా ఊపాడు.

"పుట్టిల్లు లేని ఆడబిడ్డకు పండగేందిరా? గుడి చుట్టూ ఒక తిప్పు తిప్పి లోపల కూర్చోబెడితే ఎగతాళి చేసినట్టుంటాది. నా చేత కాదు."

ఆ మాటతో దేవర ఆగిపోయింది. దేవరతో పాటు కృష్ణమ్మ పాట కూడా ఆగిపోయింది. పెళ్ళిళ్ళలో ఎవరైనా బతిమాలితే, "గొంతు పట్టుకునిందిలే" అని తప్పుకునేది. నిజానికి గొంతుకేమీ కాలేదు. పాట ఎత్తుకుందామని నోరు తెరిస్తే ఆ మిట్టే కళ్ళ ముందుకు వచ్చేది.

ఇన్నేళ్ళకు కాలనీలో సొంత ఇల్లు పూర్తయింది. మాఘమాసంలో గృహప్రవేశం పెట్టుకున్నారు. ఆడబిడ్డలకు చీరలు పెట్టాలని కృష్ణమ్మ కూతురు చందనను వెంటబెట్టుకుని ప్రొద్దుటూరు వెళ్ళింది. చందన పులివెందుల దగ్గర ఒక గ్రామ సచివాలయంలో సర్వేయరు. రోజంతా పొలాల గట్ల మీద మిషను పెట్టుకుని కొలతలు వేసే పిల్ల. చీరల అంగడికి రమ్మంటే జ్వరం వచ్చినదాని మాదిరి మొహం పెట్టింది.

బదరీనారాయణ శెట్టి అంగడి వాళ్ళకు పాత అలవాటు. ఇప్పటికీ తెల్లటి పరుపుల మీద కూర్చోబెట్టే చూపిస్తాడు. నేత చీరలు, నూలు చీరలు అన్నీ పరిచాక, కృష్ణమ్మకు ఏదీ నచ్చలేదని గ్రహించి, శెట్టి పైఅర నుంచి స్వయంగా ఒక మూట దించాడు.

"ఇవి అందరికీ చూపించనక్కా. పట్టు. నీకు నచ్చకపోతే నన్నడుగు."

మూట విప్పాడు. కృష్ణమ్మ చెయ్యి చీరల మీదికి పోయింది. చందన మాత్రం ముందుకు వంగి మూట కట్టిన గుడ్డ అంచు పట్టుకుని లాగసాగింది.

"చీరలు చూడమంటే మూటగుడ్డ చూస్తాండావేందిమే?" అని కృష్ణమ్మ కసిరింది.

"ఉండుమ్మా. శెట్టిగారూ, ఇది యాడిది?"

"అదా? మా నాయన వాళ్ళ నాయన, మా జేజినాయన తెచ్చింది పాపా. తాలూకా కచేరీలో పాత సామాను వేలం వేస్తాంటే, గుడ్డ గట్టిగా ఉండాదని కొన్నాడంట. లోపలేదో కాయితం అంటించినారు. పురుగు పట్టదు, చెమ్మ ఎక్కదు. అప్పటి నుంచి పట్టు చీరలు దాంట్లోనే."

చందన చీరలన్నీ పక్కకు జరిపి ఆ గుడ్డను తిరగేసి పరిచింది. లోపలివైపు పటం ఉంది. మడతల దగ్గర కొంచెం అరిగింది గానీ రంగులు చెక్కుచెదరలేదు. నీలంరంగులో ఏరు, దాని చుట్టూ బొటనవేలి ముద్రలో గీతల మాదిరి వందలకొద్దీ గోధుమరంగు గీతలు, నల్లటి చిన్నచిన్న అక్షరాలు. తెల్లదొరల కాలంలో సర్వే చేసి అచ్చువేసిన నక్షా అది. నూరేళ్ళ పైమాటే. చందన కళ్ళు మెరిశాయి.

"ఇది గండికోట లోయ. ఇది పెన్న. ఈ గీతలుండాయే, ఇవన్నీ కొండలమ్మా."

"గీతలు కొండలెట్లయితాయే?"

చందన ఒక క్షణం ఆలోచించి, అమ్మ కట్టుకున్న చీర వైపు చూపించింది. "నీ కుచ్చిళ్ళు చూడు. మడతలు దగ్గర దగ్గరగా ఉండేకాడ మందంగా లేచింటాది. దూరంగా ఉండేకాడ చదరంగా ఉంటాది. అట్లనే గీతలు దగ్గరగా ఉంటే నిట్రంగా పైకి లేచిన కొండ. దూరంగా ఉంటే చదునైన మిట్ట."

కృష్ణమ్మకు అది ఇట్టే ఎక్కింది. పటం మీదికి వంగింది. చందన వేలు ఏటి వెంబడి నడుచుకుంటూ పోయి ఒకచోట ఆగింది.

"ఇదోమ్మా. గువ్వలపల్లె."

నాలుగైదు నల్లటి చుక్కలు. పక్కన ఇంగ్లీషులో పేరు. కృష్ణమ్మ అక్కడ వేలు పెట్టి, తీయలేకపోయింది. తాను కాపురానికి వచ్చిన ఊరు, బిడ్డను కన్న ఊరు, ఇప్పుడు చేపలు తిరుగుతున్న ఊరు, ప్రొద్దుటూరు శెట్టి అంగడిలో పట్టుచీరల కింద ఇన్నాళ్ళుగా పదిలంగా ఉంది.

అంతలో చందన, "ఇదేంది? ఈడ ఇంగో గువ్వలపల్లె ఉండాదే!" అంది.

ఏటికి అవతల, దక్షిణంగా, గీతలన్నీ దగ్గర దగ్గరగా ముడుచుకుపోయి మళ్ళీ విడిపోయిన చోట, కొండ నెత్తిన అదే పేరు మళ్ళీ రాసి ఉంది. దాని కింద, ఊరు పాడుబడిందని ఒక్క మాట. పక్కనే నీటి బుగ్గకు గుర్తుగా నీలంచుక్క, ఒక చిన్న గుడి గుర్తు. కింది ఊరి నుంచి పై ఊరికి ఏరు దాటి పోయే చుక్కల దావ.

"కొండ మీద ఊరేంది? మాకు తెలియకుండా?" అంది కృష్ణమ్మ. అన్నదే గానీ ఆ చుక్కల దావ మీద నుంచి చూపు తిప్పుకోలేకపోయింది. ఎందుకో ఆమెకే తెలియలేదు.

శెట్టి ఆ నక్షాను అమ్మనన్నాడు. జేజినాయన గుర్తు. అయితే తల్లీకూతుళ్ళ మొహాలు చూసి, తానే నాలుగు మడతలు పెట్టి సంచిలో పెట్టిచ్చాడు.

"తీసుకుపోయి చూసుకుని తెచ్చియ్యండి. అమ్మవారి పుట్టిల్లు మునిగిపోయిందని దేవర ఆపేసినారని విన్యా. మళ్ళా దేవర జరిగితే నన్ను పిలవాల. అమ్మ కట్టుకునే చీర నా అంగడిది."

గృహప్రవేశం అయిన మరుసటి రోజు, బంధువులు వెళ్ళిపోయాక, కొత్త ఇంటి నట్టింట్లో నక్షా పరిచారు. కృష్ణమ్మ భర్త రాజశేఖర్ దాని చుట్టూ ఒకసారి తిరిగి, నాలుగు వైపుల నుంచీ చూసి, "బాగుండాది" అన్నాడు. ఆయనకు ప్రపంచంలో అన్నీ బాగానే ఉంటాయి. ఆదినారాయణ కళ్ళజోడు పెట్టుకుని, చాలాసేపు చూసి, పెదవి విరిచాడు.

"తెల్లోడు పొరపాటున ఒకే ఊరును రెండు తూర్లు రాసింటాడు. కొండ మీద ఊరుంటే మా నాయన చెప్పడా? మా జేజి చెప్పదా?"

"గుడి గుర్తు కూడా ఉండాది పెదనాయనా. ఊరికే రాయరు" అంది చందన.

"గుర్తులకేమ్మే. కాయితం ఏమన్నా అడ్డం చెప్తాదా?"

కృష్ణమ్మ వంటింటి గడప మీద కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తోంది. ఏటి అవతల, కొండ మీద, అని వాళ్ళు అంటున్న మాటలు చెవిన పడుతుంటే ఆమె చేతులు ఆగిపోయాయి. పెదవులు వాటంతట అవే కదిలాయి. ముందు సన్నగా, తర్వాత నిండుగా, ఇన్నేళ్ళ తర్వాత ఆమె నోట పాట వచ్చింది.

"ఏరు దాటి పోదాము సుంకులమ్మా
ఎగువ కొండెక్కుదాము సుంకులమ్మా
అక్కబండ చెల్లిబండ సందుకాడ
అమ్మ నీ పుట్టిల్లు అగుపించెనమ్మా"

రాజశేఖర్ నోరు తెరుచుకుని భార్య వైపు చూస్తున్నాడు.

"బావా," అంది కృష్ణమ్మ. "మనం పుట్టింటి మిట్టకు పోయేటప్పుడు ఏరు దాటేవాళ్ళమా?"

"లేదు. ఇవతలే గదా."

"కొండెక్కేవాళ్ళమా?"

ఆదినారాయణ చూపు మళ్ళీ నక్షా మీదికి పోయింది.

"సజ్జచేలల్లో పడి చదరంగా నడుచుకుంటా, ఏరు దాటుదాం, కొండెక్కుదాం అని పాడినాం. మా అత్త పాడింది, వాళ్ళత్త పాడింది. నేనూ పాడితి. ఇదేంది, యాడుండాది ఈ కొండ అని ఒక్కరమూ అడగలేదే! పొలంలో మిట్ట ఉత్త గుర్తుకు పెట్టుకునింది బావా. అమ్మ పుట్టిల్లు పైన ఉండాది."

ఆదినారాయణ కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకుని నీలంచుక్క వైపు చూశాడు.

"పాట పాటే గానీ," అన్నాడు చివరికి, "పోయి చూస్తే పోయేదేముండాది?"

చందన అటవీ ఆఫీసులో అడిగి అనుమతి తెచ్చింది. పాత దావ మొదలు నీళ్ళలో ఉంది కాబట్టి ముద్దనూరు వైపు నుంచి కొండ వెనకగా ఎక్కాలని లెక్కవేసింది. ఫాల్గుణంలో ఒక ఆదివారం పొద్దున్నే నలుగురూ ట్రాక్టరులో బయలుదేరారు. ఆదినారాయణ తాను రావడం లేదంటూనే అందరికంటే ముందు ఎక్కి కూర్చున్నాడు. "మీరు తప్పిపోతే ఎవురో ఒకరు ఎతుక్కురావల్ల గదా" అన్నాడు.

కొండ కింద ట్రాక్టరు ఆపి నడక మొదలుపెట్టారు. బోద గడ్డి, రేగు కంపలు, ఎండకు కాలుతున్న ఎర్రబండలు. చందన ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో నక్షా పట్టుకుని ముందు నడిచింది. పాత కాలపు కొలతలకూ ఇప్పటి ఫోను లెక్కలకూ తేడా ఉంటుంది. ఆ తేడాను సరిచేశానని అనుకుంది గానీ ఎక్కడో కొంచెం పక్కకు జరిగింది. మొత్తం ఎక్కాక చూస్తే ఊరూ లేదు, గుడీ లేదు. ముందు మొండిగా కోసేసినట్టు కొండ ఆగిపోయింది. కింద అగాధం.

"ఇదేనామ్మే మీ తెల్లోడు రాసిన ఊరు?" అని ఆదినారాయణ నడుం మీద చేతులు పెట్టుకుని అడిగాడు. "దూకితే నేరుగా కింది గువ్వలపల్లెకు పోతాం."

చందనకు ఏడుపొచ్చినంత పనైంది. కానీ ఆయన అన్న తీరుకు నవ్వు ముందొచ్చింది. ఆ నవ్వు చూసి రాజశేఖర్ నవ్వాడు. ఆదినారాయణ కూడా ఆపుకోలేకపోయాడు. అక్కడే బండ నీడన కూర్చుని సద్దిమూట విప్పారు. జొన్నరొట్టె, ఊరిమిండి పచ్చడి, నంజుకునే ఎర్రగడ్డలు.

కృష్ణమ్మ రొట్టె చేతిలో పట్టుకుని అంచు వైపు నడిచింది. ఊరు విడిచిన నాటి నుంచి ఆమె ఆ నీళ్ళను చూడలేదు. బస్సులో ఆ దావన పోవాల్సి వచ్చినా మొహం అటు తిప్పుకునేది. ఇప్పుడు మొత్తం జలాశయం ఆమె కాళ్ళ కింద పరుచుకుని ఉంది. ఎండకు తళతళలాడుతోంది. తెల్లటి కొంగలు బారులు కట్టి నీళ్ళ మీద పోతున్నాయి. ఊరిని మింగిన నీళ్ళు అంత అందంగా ఉండటం ఆమెకు మొదట కోపం తెప్పించింది. చూస్తూ ఉండేకొద్దీ ఆ కోపం ఎటు పోయిందో పోయింది.

చందన వచ్చి పక్కన నిలబడింది. "ఈ నీళ్ళే మా పులివెందుల పక్క చీనీ తోటలకు వస్తాండేదమ్మా. మొన్న ఒకామె నాకు సంచెడు కాయలిచ్చింది."

"ఈసారి ఆమెకు చెప్పు," అంది కృష్ణమ్మ, "మా ఊరి నీళ్ళు తియ్యగా ఉంటాయని."

అంటూనే తల తిప్పింది. ఎండిపోయిన వంకకు అవతల, వాళ్ళు నిలబడిన గట్టుకు ఎదురుగా, ఇంకో మిట్ట ఉంది. దాని నెత్తిన రెండు బండలు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. చిన్నది పెద్దదాని భుజం మీద తల వాల్చినట్టు ఒరిగి ఉంది.

కృష్ణమ్మ చేతిలో రొట్టె కిందపడింది.

"బావా! ఆడ చూడు! అక్కాచెల్లెండ్లు!"

ఆ వంక దిగి ఎక్కడానికి ఎంతసేపు పట్టిందో ఎవరికీ గుర్తులేదు. మోకాళ్ళ నొప్పి అని ఏడాదిగా మందులు మింగుతున్న కృష్ణమ్మ అందరికంటే ముందుంది. బండల దగ్గరికి చేరగానే దావ దానంతట అదే కనిపించింది. రాతిలో తొలిచిన మెట్లు, కాళ్ళ అరుగుదలకు నున్నగా అయిపోయి ఉన్నాయి. రెండు బండల సందులోంచి దూరి అవతలికి వెళ్ళారు.

అక్కడ ఊరు ఉంది. నడుము ఎత్తు రాతిగోడలు, వాటి నడుమ సందులు, ఒక వాకిట్లో బండలోనే తొలిచిన రోలు. ఇంకా ముందుకు పోతే రాతి పగులులోంచి నీళ్ళు ఊరుతున్నాయి. చిన్న మడుగులో మబ్బు కదులుతోంది. దానికి పైన మూడు రాళ్ళు నిలబెట్టి, నాలుగోది కప్పుగా వేసిన గూడు. లోపల అరచేతి మందాన ఒక పలక మీద ఆడమనిషి రూపు. మొహం అరిగిపోయింది గానీ, చేతిలో కత్తి, నడుముకు ఒడ్డాణం స్పష్టంగా ఉన్నాయి. కాలనీ గుడిలో ఉన్న సుంకులమ్మ చేతిలో కత్తి కూడా అట్లాగే వంకర తిరిగి ఉంటుంది.

ఆదినారాయణ చెప్పులు విడిచాడు. గూడు ముందు కూలబడ్డాడు. ఆయన భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నాడనుకుని రాజశేఖర్ దగ్గరికి పోయాడు. ఆయన నవ్వుతున్నాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

"అన్నా, ఏమాయ?"

"ఏమీ లేదురా. ముంపోళ్ళు, ముంపోళ్ళు అని ఊరూరా అంటాంటే తలకాయ దించుకుని తిరిగితి. ఊరు పోగొట్టుకున్న మొదటి తరం మనమే, మన చేతుల్లోనే అంతా అయిపాయనని బాధపడితి. చూడు, మనోళ్ళు ఇంతకు ముందే ఒక తూరి ఊరు విడిచినారు. రోలు ఈడ్నే వదిలిపెట్టి దిగినారు. దిగి బతకలా? ఏటిగడ్డన కొత్త ఊరు కట్టలా? అమ్మను ఎంటబెట్టుకుని పోలా?" ఆయన మడుగులో నీళ్ళు దోసిలితో తీసి మొహం కడుక్కున్నాడు. "మనకు ఊరు ఇడిచేది కొత్త కాదురా. కట్టుకునేదీ కొత్త కాదు."

ఎందుకు దిగారో, ఎప్పుడు దిగారో వాళ్ళకు తెలియదు. కరువొచ్చిందో, రోగమొచ్చిందో. ఆ రోజు ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. కృష్ణమ్మ పసుపు తేలేదని బాధపడి, కొంగు తడిపి ఆ పలకకు పట్టిన దుమ్మంతా తుడిచింది.

వార్త వాళ్ళకంటే ముందు కాలనీకి చేరింది. చందన కొండ మీద నుంచే ఫొటోలు పంపింది మరి. ట్రాక్టరు దిగేసరికి గుడి దగ్గర జనం మూగి ఉన్నారు. ఆదినారాయణ ఎవరినీ అడగనివ్వకుండా బండి మీద నుంచే అరిచి చెప్పాడు.

"ఉగాది పోయినాంక దేవర! ఎవురెవురు యాడుండారో ఫోన్లు చేయండి!"

ఆ దేవరను చూసినవాళ్ళు ఇప్పటికీ కథలుగా చెబుతారు. మైదుకూరు నుంచి, వేంపల్లె నుంచి, తాడిపత్రి నుంచి జనం వచ్చారు. పులివెందులలో స్థిరపడిన వాళ్ళు ఒక బస్సే మాట్లాడుకుని వచ్చారు. కాలనీ కుర్రవాళ్ళు ముందు వారమంతా కంపలు కొట్టి దావ చేశారు. బదరీనారాయణ శెట్టి ఎర్రంచు పసుపుచీర పళ్ళెంలో పెట్టుకుని, తెల్ల పంచె మోకాళ్ళ దాకా ఎగగట్టి, ప్రతి మలుపులో నిలబడి రొప్పుతూ ఎక్కాడు. "మా జేజినాయన గుడ్డ చూసినాడు గానీ కొండ చూళ్ళేదు. చూసింటే కొనేవాడు కాదు" అని దారి పొడుగునా అంటూనే ఉన్నాడు.

వెంకటరమణమ్మ వచ్చింది. పక్షవాతం వచ్చి తగ్గిన మనిషి, ఎడమకాలు కొంచెం ఈడుస్తుంది. ఎక్కలేదు, కిందే కూర్చుంటుందని కూతురు చెప్పింది. కృష్ణమ్మ వినలేదు. నలుగురు కుర్రవాళ్ళను పిలిచి, కుర్చీకి రెండు వాసాలు కట్టించి, ఆమెను పల్లకిలోని అమ్మవారి పక్కనే ఎత్తించింది.

"యోవ్, నిదానం! అమ్మను పడేసినా ఏం కాదు గానీ నన్ను పడేస్తే నా కూతురు మిమ్మల్ని ఇడ్సిపెట్టదు" అని వెంకటరమణమ్మ పైనుంచి బెదిరిస్తుంటే మోసేవాళ్ళు నవ్వలేక చచ్చారు.

పలక డప్పులు మోగాయి. కృష్ణమ్మ కొంగు బిగించి పాట ఎత్తుకుంది. కొండెక్కుదామన్న మాట కొండెక్కుతూ పాడటం ఆమెకు జీవితంలో అదే మొదలు. ఊపిరి చాలక చరణం మధ్యలో తెగిపోయింది. కుర్చీ మీద నుంచి వెంకటరమణమ్మ ఆ తెగిన చోటే అందుకుంది. వెనక వందలమంది గొంతు కలిపారు. రెండు బండల సందులోంచి అమ్మవారిని పక్కకు వంచి, జాగ్రత్తగా దాటించినప్పుడు, ముసలివాళ్ళు, పిల్లలు, కొత్త కోడళ్ళు అందరూ ఒక్కసారిగా కేక వేశారు. విగ్రహాన్ని గూడు ముందు దించారు. పలక మీది అమ్మ, విగ్రహంలోని అమ్మ ఎదురెదురుగా కూర్చున్నారు. ఆదినారాయణ బుగ్గనీళ్ళతో ఇద్దరికీ స్నానం చేయించాడు. ఆదినారాయణ బుగ్గనీళ్ళతో ఇద్దరికీ స్నానం చేయించాడు.

తర్వాత ఆ రాతిగోడల నడుమే విస్తర్లు పరిచారు. ఎవరి వంశంవాళ్ళ ఇల్లు ఏదో తెలియదు కాబట్టి నచ్చిన గోడ పక్కన నచ్చినవాళ్ళు కూర్చున్నారు. ఒక చిన్నపిల్ల రోట్లో కూర్చుని పరమాన్నం తింది. మునిగిపోయిన పక్క ఊరివాళ్ళు కొందరు చందన చుట్టూ చేరి, మా ఊరు కూడా ఆ గుడ్డలో ఉందేమో చూడమని నక్షా విప్పించారు. ఆ పిల్లకు అన్నం తినే తీరికే దొరకలేదు. కృష్ణమ్మే వెళ్ళి ముద్దలు కలిపి నోట్లో పెట్టింది.

పొద్దు వాలుతుండగా దిగారు. శెట్టి నిలబడి దిగలేక, సిగ్గు విడిచి కూర్చుని, బండ మీద నుంచి బండ మీదికి జారాడు. ఆదినారాయణ కింద నిలబడి, "రా శెట్టీ, రా, పంచె చినిగితే నీ అంగట్లోనే ఇంగోటి కొనుక్కుందువులే" అని చేయి అందించాడు.

ట్రాక్టరు తొట్టిలో గడ్డి మీద కృష్ణమ్మ, వెంకటరమణమ్మ పక్కపక్కన కూలబడ్డారు. ఇద్దరి గొంతులూ బొంగురుపోయాయి.

"ఆఖరి చరణం నువ్వే తప్పు పాడినావు" అంది వెంకటరమణమ్మ.

"నేనా? నువ్వు కుర్చీ ఎక్కి మహారాణి మాదిరి కూర్చునింటివి. నేను నడుచుకుంటా పాడితి. తప్పెవురిదో అడుగుదాం పా."

"ఎవుర్నడుగుతావు? అందరూ నీ పక్కోళ్ళే."

ట్రాక్టరు కుదుపులకు మాటలు తెగిపోతున్నా, కాలనీ దీపాలు కనిపించేదాకా వాళ్ళ పోట్లాట ఆగలేదు. ముందు కూర్చుని బండి తోలుతున్న రాజశేఖర్ ఒక్కసారి వెనక్కి తిరిగి చూసి, "బాగుండాది" అనుకుని, మళ్ళీ దావ చూసుకున్నాడు.